ఉప్పు బోరు ఉన్న ఇంటికి సోలార్ వాటర్ హీటరు పెట్టవచ్చునా?

ప్రశ్న: మొగల్తూరు మేడ

అందరికీ నమస్కారం. మాది నరసాపురానికీ మొగల్తూరుకూ నడుమ ఉన్న పల్లె. పాత పెంకుటింటి స్థానంలో డాబా కడుతున్నాము. శ్లాబు పూర్తయింది, గొట్టాల పని మొదలు కావలసి ఉంది కనుక వేడినీళ్ళ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. గోడలకు పూత పూసిన తరువాత పగలగొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు గదా.

ఇంట్లో ఆరుగురం ఉంటాము. కార్తీకమాసం మొదలుకొని శివరాత్రి దాకా అందరికీ పొద్దుట వేడినీళ్ళు కావాలి, అమ్మకూ నాన్నగారికీ సాయంత్రం కూడా కావాలి. ఇంతకాలం పెరట్లో రాగి బాయిలరులో కొబ్బరి డొక్కలు వేసి కాచుకుంటూ వచ్చాము. డొక్కలకు కొదవ లేదు గాని, ఆ పొగ నాన్నగారి ఆయాసానికి పడడం లేదు.

సోలార్ వాటర్ హీటరు గురించి ఇద్దరు వ్యాపారులను అడిగాము. ఒకాయన రాగి పలకల రకమే మన్నుతుందంటారు. రెండో ఆయన గాజు గొట్టాల రకం మబ్బు పట్టినా పనిచేస్తుందనీ, ధర కూడా తక్కువనీ, మా ఇంటికి 200 లీటర్లది తప్పదనీ అంటారు. ఇద్దరిలో ఎవరూ మా నీళ్ళ గురించి అడగలేదు. మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదు) కొలిచే మీటరు పెడితే లీటరుకు 1,800 మిల్లీగ్రాములు దాటి చూపిస్తోంది, సబ్బు నురగ రాదు, గిన్నెలో కాస్తే అడుగున తెల్లటి సున్నం పేరుకుంటుంది. పంచాయతీ కుళాయి నీళ్ళు మంచివే, కాలువ నీటితో నింపిన చెరువు నుంచి వస్తాయి, కాని రోజుకు ఒక్క పూటే వదులుతారు.

ఈ యంత్రం అసలు నీటిని ఎలా వేడి చేస్తుందో, మా నీటికి ఏ రకం తట్టుకుంటుందో, ఎంత పరిమాణం సరిపోతుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను. డాబాకు దక్షిణాన మా కొబ్బరి చెట్లే ఉన్నాయని కూడా గమనించగలరు.

జవాబు: భీమవరం ఫిజిక్సు

రెండు రకాల మధ్య పోటీని కాసేపు పక్కన పెట్టి, ముందు యంత్రం చేసే పని చూద్దాం. తరువాత మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

పలకల రకంలో ఒక అల్యూమినియం పెట్టె ఉంటుంది. పైన గట్టిపరచిన గాజు, దాని కింద నల్లటి పూత వేసిన రాగి రేకు, ఆ రేకుకు అతికించిన సన్నటి రాగి గొట్టాలు, అడుగున వేడి జారిపోకుండా ఉన్నిలాంటి పదార్థం ఉంటాయి. ఆ పూత మామూలు నల్లరంగు కాదు. మీద పడిన ఎండలో నూటికి 90 పాళ్ళకు పైగా పీల్చుకొని, తాను వేడెక్కిన తరువాత ఆ వేడిని పరారుణ కిరణాలుగా చాలా తక్కువగా మాత్రమే వదిలే గుణం దానికి ఉంది. గాజు ఎండను లోపలికి రానిస్తుంది, రేకు వదిలే ఆ కొద్దిపాటి వేడిని కూడా సూటిగా బయటకు పోనివ్వదు, గాలి తగిలి రేకు చల్లారకుండా కాపాడుతుంది.

గాజు గొట్టాల రకంలో ఒక్కొక్క గొట్టమూ నిజానికి ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గాజు గొట్టాలు. రెండింటి మధ్య గాలి తీసేసి ఉంటుంది, లోపలి గొట్టం మీద నల్లటి పూత ఉంటుంది. మనం టీ పోసుకొని వెళ్ళే ఫ్లాస్కు వేడిని పట్టి ఉంచేది కూడా ఈ శూన్యంతోనే. గొట్టం మూసిన కొసన వెండిలా మెరిసే పూత ఒకటి కనిపిస్తుంది, అది బేరియం. గొట్టం పగుళ్ళిచ్చి గాలి లోపలికి చేరితే ఆ మెరుపు పోయి తెల్లగా మారుతుంది. కొనేటప్పుడూ, తరువాత ఏటేటా కూడా ఆ కొసల వంక ఒకసారి చూస్తే, ఏ గొట్టం పాడైందో ఏ పరికరమూ లేకుండానే తెలిసిపోతుంది.

ఇక నీరు ఎలా తిరుగుతుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. మన ఇళ్ళకు పెట్టే వాటిలో సాధారణంగా పంపు ఉండదు. ఒక ఘనమీటరు నీరు 23 డిగ్రీల వద్ద సుమారు 997 కిలోలు తూగితే, 60 డిగ్రీల వద్ద 983 కిలోలే తూగుతుంది. ఈ 14 కిలోల తేడాతోనే వేడెక్కిన నీరు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, ట్యాంకు అడుగున ఉన్న చల్లటి నీరు పలకలోకి దిగుతుంది. లెక్క కడితే ఈ తేడా వల్ల పుట్టే ఒత్తిడి, ఎత్తులో ప్రతి మీటరుకూ మహా అయితే 14 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానం. అంత బలహీనమైన శక్తి మీద నడిచే యంత్రంలో పలకనూ ట్యాంకునూ కలిపే గొట్టం ఎక్కడైనా పైకి లేచి కిందికి వంగితే, ఆ వంపులో చేరిన గాలి బుడగ ఒక్కటే ప్రవాహాన్ని ఆపేస్తుంది. పలక పై అంచుకంటే ట్యాంకు అడుగు ఒక అడుగు ఎత్తున ఉండాలని చెప్పడానికి కారణం కూడా ఇదే. లేకపోతే రాత్రివేళ పలక చల్లబడి, నీరు వెనక్కు తిరిగి, పగలంతా కూడబెట్టిన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. గాజు గొట్టాల రకంలో గొట్టాలు నేరుగా ట్యాంకులోకే దిగుతాయి కనుక ప్రతి గొట్టంలోనూ వేడినీరు పై గోడ వెంట ఎక్కుతూ, చల్లనీరు కింది గోడ వెంట దిగుతూ ఉంటుంది.

పరిమాణం సంగతి. మన ప్రాంతంలో పుష్యమాసపు ఉదయాన ట్యాంకు నీరు 23 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుందాం. వంద లీటర్లను 60 డిగ్రీలకు తేవడానికి కరెంటు మీటరు లెక్కలో సుమారు 4.3 యూనిట్ల శక్తి కావాలి. రెండు చదరపు మీటర్ల పలక మీద ఎండ బాగా కాసిన శీతాకాలపు రోజున దాదాపు 10 యూనిట్ల శక్తి పడుతుంది, అందులో సగం నీటికి చేరినా సరిపోతుంది. వంద లీటర్లకు రెండు చదరపు మీటర్లు అని అందరూ చెప్పే లెక్క అక్కడినుంచి వచ్చిందే. అయితే 60 డిగ్రీల నీళ్ళతో ఎవరూ స్నానం చేయరు. 40 డిగ్రీల నీళ్ళు 30 లీటర్లు, అంటే బక్కెట్టున్నర, కావాలంటే అందులో వేడినీరు 14 లీటర్లు ఉంటే చాలు, తక్కినది చల్లనీరే. పొద్దుట ఆరుగురు, సాయంత్రం ఇద్దరు, మొత్తం ఎనిమిది స్నానాలకు 112 లీటర్లవుతుంది. 150 లీటర్లది తీసుకుంటే అతిథులకు కూడా సరిపోతుంది. 200 లీటర్లది మీకు అక్కరలేదు.

మబ్బు రోజుల వాదన గురించి ఒక మాట. శూన్యపు గొట్టాలకు వేడి నష్టం తక్కువన్నది నిజమే. కాని ఆ లాభం బయటి గాలి బాగా చల్లగా ఉన్నచోట పెద్దది. మన డెల్టాలో జనవరి మధ్యాహ్నం కూడా గాలి 28 డిగ్రీల దాకా ఉంటుంది. 60 డిగ్రీల పలకకూ గాలికీ మధ్య తేడా 30 డిగ్రీలే కనుక, పలక రకం పోగొట్టుకునేది కూడా కొంచెమే. సిమ్లాలో ఉన్నవారికి చెప్పవలసిన మాటను మనకు చెబుతున్నారన్నమాట. ఎండ విషయంలో మీకు రెండూ దాదాపు సమానమే. మీ నీళ్ళకు ఏది తగునో పనివారు చెబితే బాగుంటుంది.

జవాబు: పాలకొల్లు ఫిట్టింగు

పైన మాస్టారు చెప్పినది సబబుగా ఉంది. ఈ పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని కనుక నీటి సంగతి నేను చెబుతాను. మన వైపు సోలార్ హీటరు ఎండ లేక పాడు కాదు, నీళ్ళ వల్ల పాడవుతుంది.

ఉప్పు నీటిలో రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి, జనం రెండింటినీ ఒకటిగానే అనుకుంటారు. మొదటిది సున్నం పట్టడం. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీరు వేడెక్కితే వాటి కార్బొనేట్లు విడిపోయి గట్టి పొరగా అంటుకుంటాయి. మామూలు లవణాలు వేడిలో ఎక్కువగా కరుగుతాయి, ఈ కాల్షియం కార్బొనేటు మాత్రం వేడి పెరిగేకొద్దీ తక్కువగా కరుగుతుంది, అందువల్ల నీరు అన్నిటికంటే వేడిగా ఉండేచోటనే, అంటే పలకలోని రాగి గొట్టం లోపలనే, ముందుగా పేరుకుంటుంది. ఆ రాగి గొట్టం వెడల్పు అరంగుళమే. పొర మందమయ్యేకొద్దీ, మాస్టారు చెప్పిన ఆ కాస్త ఒత్తిడి నీటిని తోయలేక ఆగిపోతుంది. పలక ముట్టుకుంటే చురుక్కుమంటుంది, ట్యాంకులో నీరు మాత్రం గోరువెచ్చన. గాజు గొట్టాల లోపల దారి వెడల్పుగా ఉంటుంది కనుక సున్నం పట్టినా ప్రవాహం ఆగదు, రబ్బరు వాషరు దగ్గర గొట్టం ఊడదీసి కడిగి మళ్ళీ బిగించవచ్చు. కాబట్టి గట్టి నీటికి నేరుగా పెట్టవలసి వస్తే గాజు గొట్టాలే మేలు.

రెండో జబ్బు తుప్పు, ఇది ట్యాంకుకు వచ్చేది. మీ బోరులో టీడీఎస్ 1,800 ఉందంటే, సముద్రం పక్కన కనుక అందులో క్లోరైడు గణనీయంగానే ఉంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు క్లోరైడుకు లీటరుకు 250 మిల్లీగ్రాములు, మరో నీరు దొరకనిచోట 1,000 దాకా. మొత్తం గట్టిదనానికి 200, దొరకనిచోట 600. మామూలుగా అమ్మే ట్యాంకుల లోపలి రేకు ఎస్‌ఎస్ 304 స్టీలుది. చల్లటి నీటిలో ఆ స్టీలు ఓర్చుకోగలిగిన క్లోరైడును వేడినీటిలో ఓర్చుకోలేదు; అతుకుల దగ్గర సూదిమొనంత రంధ్రం పడుతుంది, పైన ఉన్న ఫోము తడుస్తుంది, కొన్నాళ్ళకు బయటి రేకు కింద నీటి చుక్క కనిపిస్తుంది. అప్పుడు బాగు చేయడానికి ఏమీ మిగలదు, ట్యాంకు మార్చవలసిందే. మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకాస్త మెరుగు, ధర ఎక్కువ. ఇనుప ట్యాంకు లోపల గాజులాంటి ఎనామెలు కాల్చి, మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడదీసే రకం కూడా ఉంది. ఆ కడ్డీ తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, కాని కరిగిన కడ్డీని మార్చే ఇంటివారు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఈమధ్య చాలామంది సాఫ్ట్‌నర్ పెడితే చాలంటున్నారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియాన్ని వదులుతుంది. సున్నం ఆగుతుంది, సబ్బు నురుగుతుంది. క్లోరైడు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, టీడీఎస్ తగ్గదు. అంటే మొదటి జబ్బుకు మందు, రెండోదానికి కాదు.

హీట్ ఎక్స్‌చేంజరు ఉన్న పలక రకం మరో దారి. అందులో పలకలో తిరిగే నీరు వేరు, మీరు వాడుకునే నీరు వేరు. ట్యాంకు చుట్టూ ఉన్న తొడుగులోనో చుట్టలోనో మంచి నీరు మూసిన వలయంగా తిరుగుతూ వేడిని మాత్రం అందిస్తుంది. కొండ ప్రాంతాల్లో అందులో నీరు గడ్డకట్టకుండా మందు కలపాలి, మనకు ఆ బెడద లేదు, పట్టి ఉంచిన వాన నీరు పోసినా చాలు. ఇది పలకను కాపాడుతుంది. ట్యాంకులో ఉండేది మాత్రం మళ్ళీ మీ బోరు నీరే.

నా సలహా వేరు. హీటరుకు బోరు నీరు అసలు ఇవ్వకండి. మీకు రోజుకు కావలసిన వేడినీరు 112 లీటర్లు. పంచాయతీ కుళాయి ఒక పూటే వచ్చినా ఆ మాత్రం పట్టుకోలేమా? శ్లాబు మీద 500 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి విడిగా కుళాయి నీటికి పెట్టి, దానినుంచి హీటరుకు మాత్రమే గొట్టం వేయించండి. చల్లనీటికి బోరు ట్యాంకు యథాప్రకారం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, చెరువు అడుగంటుతుంది, అప్పుడెలా అని మీరు అడుగుతారు. ఆ రోజుల్లో వేడినీళ్ళు ఎవరికి కావాలి? దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, ధవళేశ్వరం నుంచి నీరు వదిలే నెలలూ, మీ అమ్మగారికి వేడినీళ్ళు కావలసిన నెలలూ దాదాపు ఒకటే. మన డెల్టాకు ఈ వెసులుబాటు ఉండగా ఉప్పు నీటిని ఓర్చుకునే యంత్రం కోసం వెతకడం ఎందుకు?

ఇలా చేస్తే పలక రకమైనా, గొట్టాల రకమైనా మీ ఇష్టం. పలకకు భారతీయ ప్రమాణాల సంస్థవారి ఐఎస్ 12933 ముద్ర ఉందో లేదో చూసుకోండి.

జవాబు: కాకినాడ మీటరు

చర్చ బాగుంది గాని, అసలు సోలార్ వాటర్ హీటరే ఎందుకన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అన్నారు. అంటే ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే దీనితో పని. రోజుకు 4, 5 యూనిట్ల చొప్పున 120 రోజులకు ఆదా అయ్యేది 600 యూనిట్ల లోపే. బెంగళూరులో ఏడాది పొడుగునా వేడినీళ్ళు పోసుకునేవారి లెక్క మనకు వర్తించదు.

అదే డబ్బుకు మరికొంత కలిపి కరెంటు తయారుచేసే సోలార్ పలకలు పెట్టుకుంటే, ఒక కిలోవాటుకు సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఏడాదంతా వస్తుంది. చలికాలంలో గీజరు నడుస్తుంది, వేసవిలో ఫ్యాన్లు తిరుగుతాయి. వాటర్ హీటర్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2014లోనే ఆగింది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కరెంటు పలకలకే వర్తిస్తుంది. ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడూ అంతకు మించితే 78,000 రూపాయలు ఇస్తారు. ఎండను వేడిగా మార్చడంలో వాటర్ హీటరుదే పైచేయి అని ఒప్పుకుంటాను, దానికి సగం పడితే కరెంటు పలకకు అయిదో వంతే చిక్కుతుంది. కాని డాబా మీద చోటు పుష్కలంగా ఉన్న పల్లెటూరి ఇంట్లో ఆ తేడాకు విలువెంత?

జవాబు: పాలకొల్లు ఫిట్టింగు

కాకినాడవారి లెక్కను కాదనలేను. మీటరు బిల్లు బాగా వచ్చే ఇంటివారు ముందు కరెంటు పలకలే పెట్టుకోవాలని నేను కూడా చెబుతాను. కాకపోతే గీజరు కూడా వేడినీళ్ళ ట్యాంకే. అందులో పోసేది బోరు నీరయితే కాయిలు మీద సున్నం కట్టడం, ట్యాంకు చిల్లుపడడం అక్కడా తప్పవు. వేరే ట్యాంకు సలహా రెండింటికీ పనికివస్తుంది. ఇంకొకటి, తుపాను వచ్చి కరెంటు పోతే ఆ ఇళ్ళలో మామూలుగా ఉండే కరెంటు పలకలు కూడా ఆగిపోతాయి, ఎందుకంటే బయటి లైనులో కరెంటు లేనప్పుడు ఇన్వర్టరు తనంతట తాను ఆగేట్టు తయారుచేస్తారు. పంపు లేని వాటర్ హీటరుకు ఆ సంబంధం లేదు.

ప్రశ్న కొనసాగింపు: మొగల్తూరు మేడ

అందరికీ కృతజ్ఞతలు. కుళాయి నీటికి వేరే ట్యాంకు అన్న ఆలోచన ఇంట్లో అందరికీ నచ్చింది. కరెంటు పలకల సంగతి మా బిల్లులు దగ్గర పెట్టుకొని విడిగా ఆలోచిస్తాము. మా వాడకం తక్కువ కనుక ప్రస్తుతానికి 150 లీటర్ల వాటర్ హీటరు వైపే మొగ్గుతున్నాము. ఇక మిగిలింది స్థలం. ఓవర్‌హెడ్ ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతి మూలన కట్టాము. దక్షిణాన కొబ్బరి చెట్లు, వాటిలో రెండు బాగా పొడుగైనవి. హీటరు ఎక్కడ నిలబెట్టాలి?

జవాబు: అంబాజీపేట కొబ్బరి

నీడ గురించి, గాలి గురించి నేను చెప్పగలను. మా ఇల్లు కొబ్బరితోట నడుమనే ఉంది.

మీ ఊరు ఉత్తర అక్షాంశం పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. చెట్టు 18 మీటర్లు, మీ పలక నేలనుంచి నాలుగున్నర మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, ఆ సమయంలో చెట్టు తల నీడ ఉత్తరంగా 11 మీటర్ల దూరం పడుతుంది. ఉదయం తొమ్మిదిన్నరకు సూర్యుడు ఆగ్నేయాన 36 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక నీడ వాయవ్యం వైపు 18 మీటర్లు దాటి సాగుతుంది. అయితే కొబ్బరి మాను నీడ సన్నటి గీతలా కదిలిపోతుంది, దానితో నష్టం తక్కువ. తలకాయ నీడను చూసుకోవాలి. ఉదయం తొమ్మిది మొదలు మూడింటి దాకా పలక మీద ఆ నీడ పడకుండా ఉంటే చాలు. కాగితం మీద లెక్క కంటే, వచ్చే చలికాలంలో ఎండ కాసే రోజున శ్లాబు మీద సుద్దముక్కతో నీడ అంచులు గీసి చూడడం ఖాయమైన పద్ధతి. అంతవరకు ఆగలేకపోతే పైన ఇచ్చిన కొలతలు వాడండి.

మీ నైరుతి ట్యాంకు మధ్యాహ్నం తరువాత ఈశాన్యం వైపు నీడ వేస్తుంది. కాబట్టి హీటరును దక్షిణపు అంచున, ట్యాంకుకు బాగా తూర్పుగా జరిపి పెట్టండి. పలక ముఖం దక్షిణానికి ఉండాలి. వాలు 27 నుంచి 30 డిగ్రీలు ఉంటే చలికాలపు ఎండ దాదాపు నిటారుగా పడుతుంది. వేసవిలో కాస్త తగ్గుతుంది, ఆ తగ్గడం మనకు మంచిదే. కుళాయి నీటి చిన్న ట్యాంకు అడుగు, హీటరు ట్యాంకు పైభాగం కంటే ఎత్తున ఉండేట్టు దిమ్మె కట్టించుకోండి. హీటరు ట్యాంకు మీదనుంచి లేచే గాలి గొట్టం కొస ఆ చిన్న ట్యాంకు నీటిమట్టం కంటే పైన ఉండాలి. ఆ గొట్టాన్ని ఎప్పుడూ మూయకూడదు. కందిరీగలు మట్టితో దాని నోరు మూసేసిన ఇళ్ళు ఉన్నాయి, నీరు తోడినప్పుడు గాలి చొరబడక ట్యాంకు రేకు లోపలికి నొక్కుకుపోతుంది. మూతికి సన్నటి జల్లెడ కడితే సరి.

చెట్టు నీడ కంటే నాకు ఎక్కువ భయం చెట్టునుంచి రాలేవాటి మీద. ఎండిన కాయ ఒకటి పడితే గాజు గొట్టం నిలవదు, ఎండుమట్ట పడినా అనుమానమే. పలక మీది గాజు నాలుగు మిల్లీమీటర్ల గట్టి గాజు, అది కొంత ఓర్చుకుంటుంది. నీరు మంచిదే ఇస్తున్నారు కనుక, చెట్ల పక్కన ఉన్న మీ ఇంటికి నేను పలక రకాన్నే ఎంచుకుంటాను. డాబా మీదికి వంగిన చెట్టు ఉంటే దాని కాయలు ఎప్పటికప్పుడు దింపించి, ఎండుమట్టలు తీయించండి.

గాలి విషయం మరీ ముఖ్యం. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపానును చూసినవారికి చెప్పనక్కరలేదు. తుపాను సముద్రం మీదనుంచి మన వైపు వస్తున్నప్పుడు దాని ముందున్న తీరంలో గాలి మొదట ఉత్తరం వైపునుంచే వీస్తుంది. మన పలక ముఖం దక్షిణానికి కనుక ఆ గాలి పలక వీపు కింద దూరి, దాన్ని పైకి ఎత్తడానికి చూస్తుంది. చట్రం కాళ్ళను సిమెంటు ఇటుకల మీద ఊరికే నిలబెట్టి వెళ్ళిపోయే పనివారు ఉన్నారు, అది మన తీరానికి పనికిరాదు. ఇప్పుడే శ్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటిలో బోల్టులు దింపి కాళ్ళను బిగించండి. తుపాను హెచ్చరిక వస్తే హీటరు ట్యాంకును నిండుగా ఉంచండి. 150 లీటర్ల నీరు, చట్రం, పలకలు కలిపితే రెండు క్వింటాళ్ళు దాటే బరువు అక్కడ ఉంటుంది. ఉప్పుగాలి ఊళ్ళో కాళ్ళకు గాల్వనైజు పూత ఉన్న ఇనుము కావాలి, వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది కనుక అక్కడ జింకు రంగు వేయించాలి.

వేసవి జాగ్రత్త ఒకటి మిగిలింది. మార్చి తరువాత వేడినీళ్ళు వాడరు, ఎండ మాత్రం మండిపోతుంది, ట్యాంకులో నీరు మరిగే దశకు చేరుతుంది. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి పలక మీద పరిచి తాడుతో కట్టేయండి. మరమ్మతు కోసమో నీరు రాకనో హీటరు ఖాళీ అయితే మిట్టమధ్యాహ్నం మళ్ళీ నింపకండి. ముఖ్యంగా గాజు గొట్టాల రకం ఖాళీగా ఎండలో ఉంటే లోపల 200 డిగ్రీలు దాటుతుంది, చల్లనీరు తగలగానే పగిలిపోతుంది. తెల్లవారుజామున గాని, పొద్దుగూకిన తరువాత గాని నింపాలి.

జవాబు: భీమవరం ఫిజిక్సు

గొట్టాల పని మొదలవుతుందన్నారు కనుక ఇదొకటి చేర్చుతాను. వేడినీటి గొట్టానికి మామూలు పీవీసీ వాడకండి, మెత్తబడి సాగుతుంది, వేడిని తట్టుకునే సీపీవీసీ రకం వేయించండి. ముప్పావు అంగుళం గొట్టంలో 15 మీటర్ల పొడవుకు సుమారు 4 లీటర్ల నీరు నిలుస్తుంది. తెల్లవారి కుళాయి తిప్పగానే ముందుగా వచ్చేది రాత్రంతా చల్లారిన ఆ 4 లీటర్లే, దాన్ని బక్కెట్టులో పట్టుకుంటే ఎలాగూ కలుపుకోవలసిన చల్లనీటిలో కలిసిపోతుంది. అందువల్ల స్నానాల గదులు ఒకదాని పక్కన ఒకటి ఉంటే మంచిది, పెద్దవారి గది గొట్టానికి దగ్గరగా ఉండాలి. ఎండకు బయటపడే గొట్టం మీద ఫోము తొడుగు వేసి, దానిపైన అల్యూమినియం టేపు చుట్టించండి. తొడుగును ఊరికే వదిలేస్తే ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది.

వరుసగా ముసురు పట్టే రోజులకు హీటరు ట్యాంకులో కరెంటు కాయిలు పెట్టించడం కంటే, పెద్దవారి స్నానాల గదిలో చిన్న స్టోరేజి గీజరు ఒకటి పెట్టి, సోలార్ నీరు దాని గుండా వచ్చేట్టు కలపడం మేలు. పైన కాయిలు ఉంటే 150 లీటర్లనూ కాచవలసి వస్తుంది, గీజరు అయితే కావలసిన 15 లీటర్లనే కాస్తుంది. సోలార్ నీరు తగినంత వేడిగా వచ్చిన రోజున దాని థర్మోస్టాట్ కరెంటును అసలు కలపదు. సోలార్ ట్యాంకునుంచి వచ్చే వేడిని తట్టుకుంటుందో లేదో ఆ గీజరు పుస్తకంలో చూసి కొనండి, అప్పటికప్పుడు కాచే ఇన్‌స్టంట్ రకం మాత్రం ఈ కలయికకు వద్దు.